ఎర్రబడని చెయ్యి

“ఇంకొక్కసారి చెప్పు రాజేశ్వర్. ఐదు నలభైకి ఏం జరిగింది?”

“చెప్పిన గద మేడమ్. మూడుసార్లు చెప్పిన.”

“నాలుగోసారి చెప్పు. పోయేదేముంది?”

అనేసి వసుమతి నాలిక కరుచుకుంది. పోయేది చాలానే ఉంది. టైము ఒంటిగంట యాభై. సరిగ్గా నాలుగింటికి ఎస్సై జీపు ఆర్మూర్‌లోని ఈ రేకుల షెడ్డు ముందు ఆగుతుంది. రాజేశ్వర్‌ని ఎక్కించుకుని పోతుంది. అతడు చేసిన పైపు పగిలి కారు అంటుకుందనీ, అందులో మధుకర్ అనే కుర్రాడు కాలిపోయాడనీ కేసు. ఆ కుర్రాడు మూడు రోజులుగా నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖాన ఐసీయూలో కళ్ళు మూసుకుని ఉన్నాడు. అతడు కన్ను తెరవకుండానే పోయాడంటే ఇది చావు కేసవుతుంది. రాజేశ్వర్ బతుకు జైలుపాలవుతుంది.

అసలు జైలుదాకా పోతాడో లేదోనన్నది అతని భార్య భాగ్యలక్ష్మి భయం. మొన్నటి నుంచి ఆమె షెడ్డులో ఉన్న తాళ్ళన్నీ తీసి పక్కింట్లో దాచింది. మొగుణ్ణి ఒక్క నిమిషం ఒంటరిగా వదలడం లేదు. ఇప్పుడు కూడా గుమ్మంలో గొంతుక్కూర్చుని, రోడ్డు మీద ఏ బండి చప్పుడైనా ఉలిక్కిపడి చూస్తోంది. వసుమతిని పిలిపించింది ఆమే.

వసుమతి పన్నెండేళ్ళు బీమా కంపెనీలకు సర్వేయరుగా పనిచేసి, నాలుగేళ్ళ కింద నిజామాబాద్‌లో సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంది. కాలిన బండ్లు ఆమెకు కొత్త కాదు. అలవాటయ్యాయా అంటే అదీ కాదు. ఈ రోజు పొద్దున పోలీసు స్టేషను వెనక మధుకర్ కారు బొగ్గు చూసి వచ్చింది. డ్రైవరు సీటు స్ప్రింగులు కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

రాజేశ్వర్ కండువాతో మొహం తుడుచుకుని మొదలుపెట్టాడు.

“సోమారం పొద్దుమీకి చిన్నసేటు మధుకర్ పైపు చేసిన మేడమ్. టర్బో అంటే గింతంత పంకె. ఇంజన్ల కెళ్ళి వచ్చే పొగే దాన్ని తిప్పుతది. నిమిషానికి లచ్చ సుట్లు దాటి తిరుగుతది. ఎర్రగ కాలుతది. అందుకని దానికి మీదికెళ్ళి నూనె పోస్తరు, ఆ నూనె కిందికెళ్ళి దిగి మళ్ళ ఇంజన్లకు పోవాలె. గా దిగే పైపు కంపెనీది ఆ కారుకు సెట్ కాదు. పెద్ద టర్బో తెచ్చి పెట్టుకున్నడు గద. వంపు మారింది. గందుకే నా కాడికి వచ్చిండు.”

“అది పగిలితే?”

“నూనె చుక్క చుక్క పొగ గొట్టం మీద పడ్తది. గా గొట్టం అప్పటికే పెనం లెక్క...”

పసుపు ఉడకబెట్టే బాయిలర్లు చేసేవాడికి టర్బో పైపులేమిటని మొదట వసుమతి కూడా అనుకుంది. అతుకులు చూశాక ఆ మాట వెనక్కి తీసుకుంది. ఆర్గాన్ వెల్డింగుతో స్టీలు మీద అతడు వేసిన అతుకు చీర అంచు కుట్టినంత సాఫీగా ఉంటుంది. కారు పిచ్చి ఉన్న మధుకర్ హైదరాబాద్ అంతా తిరిగి చివరికి సొంత ఊళ్ళో ఈ మనిషిని పట్టుకున్నాడంటే ఊరికే కాదు.

“ఎన్ని పైపులు చేసినవు?”

“రెండు. ఒకటి చెడిపోయింది.”

“చెడిపోయిందని ఎట్ల తెలిసింది?”

“మా నాయిన నేర్పిన పరీచ్చ మేడమ్. బాయిలర్లకు గట్లనే చేస్తం. అతుకు మీద బయట తడి సున్నం పూస్తం. లోపట స్పిరిట్‌ల పసుపు కలిపి పోస్తం. సందుంటే వెంట్రుక వాసి ఉన్నా సరే, స్పిరిటు బయటికొస్తది. సున్నం మీద ఎర్రగ గీత కనవడ్తది. మొదటి పైపుకు మెడ కాడ ఎర్ర గీత వచ్చింది. నాలుగున్నరకు. దాన్ని అవతల పడేసి రెండోది చేసిన. ఐదుంబావుకు పరీచ్చ పెట్టిన. తెల్లగ మల్లెపువ్వు లెక్క ఉన్నది. ఒక్క గీత లేదు.”

“చెడిపోయినదాన్ని మామూలుగా ఏం చేస్తవు?”

అతడు తల వంచుకున్నాడు. “రెండు ముక్కలు కోసి పడేస్త. ఆ రోజు కొయ్యలే. కోద్దామనుకునే లోపట ఫోనొచ్చింది. పెర్కిట్ కాడ బాయిలర్ పొంగుతున్నది, పేలేటట్టున్నది, ఉరికి రమ్మన్నరు. మంచి పైపును సున్నం ఆరనీకి గా చెక్క మీద నిలబెట్టి బండెక్కిన. ఐదు నలభై.”

“పోతే?”

“ఆడ బాయిలర్ బాగనే ఉన్నది. ఫోన్ మేం చెయ్యలే అన్నరు. నా మతి పోయింది. ఆ నెంబరుకు చేస్తే బంద్ ఉన్నది. ఆరు ముప్పైకి చిన్నసేటు ఫోన్ చేసిండు. పైపు తీస్కపోతున్న అన్నా, రాత్రికే బిగించుకుంట, మంచిగ తుడిచి పెట్టినవ్ అన్నడు.”

వసుమతి రాస్తున్న పెన్ను ఆపింది. “తుడిచి పెట్టినవా? సున్నం ఆరబెట్టినవు అన్నవు గద ఇప్పుడే?”

“అదే మేడమ్... నేను తుడవలే అనుకుంటున్న. మళ్ళ తుడిచిన్నేమో అనిపిస్తది. రాత్రి పూట పండుకుంటే చెడిపోయిన పైపునే చెక్క మీద పెట్టిన్నేమో అనిపిస్తది. నా చేతులే నాకు నమ్మబుద్ధి అయితలేవు. గా పోరని పానం నేనే తీసిన్నేమో మేడమ్!”

అతడు రెండు అరచేతులూ ముందుకు చాపి చూపించాడు. గీతల నిండా పసుపు. ఈ చేతులతోనే ఇరవై ఎనిమిదేళ్ళుగా అతుకులు వేస్తున్నాడు. గుమ్మంలో భాగ్యలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుంది. వసుమతికి భయం వేసింది. తనే నేరం చేశానని నమ్మేసిన మనిషిని కాపాడటం ఎవరి తరమూ కాదు.

ఆమె లేచి చెక్క దగ్గరికి వెళ్ళింది. గోడకు అరలా కొట్టిన పాత తలుపు చెక్క అది. మీద బొటనవేలంత వెడల్పున గుండ్రంగా సున్నం మరక. పైపు నిలబెట్టిన చోటు. ఆ మరక ఒక పక్క చెదిరిపోయి గీసుకుపోయింది. అంటే సున్నం తడిగా ఉండగానే పైపును ఎవరో పక్కకు లాగారు.

“సున్నం ఎంత సేపట్ల ఆరుతది?”

“మాఘం ఎండకు అర్ధగంట. మస్తంటే ముప్పావుగంట.”

ఐదుంబావుకు పూశాడు. ఆరు లోపల ఆరిపోవాలి. మధుకర్ వచ్చింది ఆరున్నరకు. ఐదు నలభైకీ ఆరింటికీ మధ్య ఈ షెడ్డులోకి ఇంకెవరో వచ్చారు. ఇప్పుడు తను నిలబడిన చోటే ఆ మనిషీ నిలబడి ఉంటాడు.

“ఓహో! సర్వేయరమ్మ గారు గోడలకు కూడా రిపోర్టు రాస్తున్నట్టున్నరే!”

వెనక నుంచి వినపడ్డ గొంతుకు ఆమె అదిరిపడింది. గంగాదాస్. పోలీసు డిపార్ట్‌మెంటులో రిటైరై, నిజామాబాద్‌లోనే ఇంకో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతున్న మనిషి. ఆమెకు రావలసిన కేసులు సగం ఆయన చేతికే పోతాయి. ఈ కేసులో ఆయన్ని పెట్టుకున్నది మధుకర్ వాళ్ళ అన్నయ్య వెంకటరాజం, ఊళ్ళో పేరున్న పసుపు కమీషన్ ఏజెంటు. నాలుగింటికి ఎస్సై చేతికి చేరబోయే రిపోర్టు రాసింది గంగాదాసే.

“నమస్తే సార్. మీరూ వస్తరనుకున్న.”

“రాక తప్పుతదా? ఆసామి ఎటన్న జారుకుంటడేమోనని చూసిపోదామని వచ్చిన.” ఆయన రాజేశ్వర్ వైపు చూడనైనా చూడలేదు. ఫోన్ తీసి ఆమె మొహం ముందు పెట్టాడు. కాలిన పైపు ఫోటో. మెడ దగ్గర నల్లటి సన్న చీలిక. “ఇది చూసినంక కూడ మీకు డౌట్ ఉన్నదా?”

“పగిలిందని నేనూ ఒప్పుకుంటున్న సార్. ఏ పైపు పగిలిందన్నదే నా డౌటు. ఇతను రెండు పైపులు చేసిండు. రెండోది ఏదీ?”

“రెండోదా? కథలు చెప్తడు. నమ్మేటోళ్ళుంటే చెప్పేటోళ్ళకేం తక్కువ?”

“మీరు ఈ షెడ్డు వెతికిన్రా?”

“చెత్త ఏరే అలవాటు నాకు లేదు మేడమ్.”

వసుమతికి చిర్రెత్తుకొచ్చింది. జవాబు చెప్పకుండా మూల ఉన్న చెత్త డ్రమ్ము దగ్గరికి వెళ్ళి, రెండు చేతులా పట్టి కింద కుమ్మరించింది. రేకు ముక్కలు, వాడేసిన వెల్డింగు కడ్డీలు, తుప్పు బోల్టులు షెడ్డు అదిరేలా పడ్డాయి. చప్పుడుకు భాగ్యలక్ష్మి కెవ్వుమంది. కుప్ప అడుగున ఒక గోనె పట్టా ముక్క. విప్పితే అందులో జానెడు పొడవున వంపు తిరిగిన పైపు, ఒక చివర బిగించడానికి రెండు బోల్టు బెజ్జాలున్న చదును రేకు, ఫ్లాంజి. ఒళ్ళంతా తెల్లటి సున్నం.

రాజేశ్వర్ దాని పక్కన నేల మీద కూర్చున్నాడు.

“గిదే మేడమ్... గిదే మంచిది. సూడుండ్రి, మెడ కాడ ఒక్క ఎర్ర గీత లేదు.”

గీత లేదు. కానీ వేళ్ళున్నాయి. పైపు నడుమ, సున్నంలో దిగబడి, నాలుగు వేళ్ళూ ఒక బొటనవేలూ. ఎవరో గుప్పిట పట్టి లాగిన గుర్తు. పసుపురంగులో స్పష్టంగా ఉంది. వసుమతి తెలియకుండానే తన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ పట్టు చూస్తే, పట్టుకున్నవాడు ఇంకా వదల్లేదేమో అనిపించింది.

గంగాదాస్ నవ్వాడు. అబ్బ, ఎంత హాయిగా నవ్వాడని! “థ్యాంక్స్ మేడమ్! నా పని మీరే చేసి పెట్టిన్రు. మంచి పైపు చెత్తల పడ్డది, చెడ్డ పైపు కారెక్కింది. బాయిలర్ అనంగనే ఆగమాగమై ఒకటి బదులు ఒకటి పెట్టిండు. దీని మీద పసుపు చేతులు ఎవరివి? ఈయనవి కావా? నిర్లక్ష్యం అంటే ఇంకెట్లుంటది?”

“ఐదు నలభైకి దొంగ ఫోన్ చేసిందెవరు మరి?”

“ఫోన్ ఎవరు చేస్తే ఏంది? పైపులు తారుమారు చేసింది ఈయన చెయ్యి.” ఫోన్ నొక్కుతూ బయటికి నడిచాడు. “ముందు వాళ్ళింటోళ్ళకు చెప్త. పాపం, మూడు రోజుల నుంచి జవాబు కోసం చూస్తున్నరు.”

షెడ్డు ముందు ఆయన గొంతు గట్టిగా వినపడుతోంది. “దొరికింది... ఆఁ, చెత్తడబ్బల... వేలిముద్రలు సుత ఉన్నయి...” లోపల రాజేశ్వర్ నేల మీదే కూర్చుండిపోయాడు. ఏడవడం కూడా లేదు.

కాపాడటానికి వచ్చి ఉరి బిగించినట్టయింది వసుమతి పని. వెతక్కపోయినా బాగుండేది. పైపును గోనె పట్టా మీద పెట్టి మళ్ళీ చూసింది. మంచి పైపును ఎత్తుకుపోకుండా ఇక్కడే ఎందుకు పడేశాడు? దొరకాలనే. దొరికితే గంగాదాస్ అన్న మాటే ప్రపంచమంతా అంటుంది. వాడు అన్నీ ఆలోచించాడు. చెడిపోయిన పైపేదో ఎర్రగీతే చెప్పింది వాడికి. ఆ సున్నం తుడిచి శుభ్రంగా చెక్క మీద పెట్టాడు. పసుపు చేతులతో పట్టుకున్నాడు, దానికీ వెరవలేదు. ఆర్మూర్‌లో పసుపు అంటని చెయ్యి ఎక్కడుందని?

“అక్కా.”

భాగ్యలక్ష్మి ఎప్పుడు లేచి వచ్చిందో, పైపు పక్కన ఒంగి చూస్తోంది. ఆమె మొహంలో ఏడుపు లేదు. ఏదో లెక్క కుదరనట్టు కనుబొమలు ముడిపడి ఉన్నాయి.

“ఏందక్కా ఇది? తడి సున్నం మీద పసుపు పడితే పసుపురంగు ఎట్లుంటది?”

“అంటే?”

“పారాణి కలుపుకోలేదా ఎన్నడు? పసుపుల సున్నం ఏస్తే ఎర్రగైతది గద! ఈయన పరీచ్చల గీత ఎర్రగ వచ్చేది గందుకే గద! గీ వేళ్ళు పసుపువైతే ఎర్రగుండాలె. సున్నం తడి ఉన్నప్పుడే పట్టుకున్నరు, దిగబడ్డయి సూడు. మరి ఎందుకు ఎర్రగ కాలే?”

వసుమతి పైపును వెలుగులోకి తిప్పింది. రెండు చివర్లా, రాజేశ్వర్ పట్టుకుని సున్నం పూసిన చోట, మసక మసగ్గా చిన్న చిన్న వేలి గుర్తులు. తుప్పురంగు ఎరుపు. నడుమ ఉన్నవి మాత్రం నిన్న పూసిన రంగులా నిగనిగలాడుతున్న పసుపు. ఒకే సున్నం, ఒకే సాయంత్రం, రెండు రకాల చేతులు. ఇంతసేపూ కళ్ళ ముందే ఉంది. పన్నెండేళ్ళ అనుభవం అని జబ్బలు చరుచుకునే తనకు కనపడలేదు. గంగాదాస్‌కీ కనపడలేదు.

“భాగ్యలక్ష్మీ, సున్నం డబ్బా ఏదీ? దబ్బున తే!”

మొదట రాజేశ్వర్ చేతి మీద ఇంత తడి సున్నం పూసింది. లెక్కపెడుతూ చూసింది. పది అంకెలు కాకముందే అరచేతి గీతల్లో ఎరుపు పాకింది. అప్పుడే గంగాదాస్ లోపలికి వచ్చాడు. వసుమతి ఆయన కుడిచెయ్యి పట్టుకుని సున్నం రాసేసింది.

“ఏయ్! ఏందిది? పిచ్చి పట్టిందా?”

“పొద్దున ఎక్కడికి పోయిన్రు సార్?”

“వెంకటరాజం సేట్ దుకాణానికి. అయితే ఏంది?”

“కుప్పల మీద చెయ్యి పెట్టిన్రా?”

“సరుకు చూడమంటే రెండు కొమ్ములు చేతిలకు తీస్కున్న. గది కూడ నేరమేనా...” సొంత అరచెయ్యి ఎర్రబడుతుంటే నోరు తెరుచుకుని చూశాడు. రక్తం అంటినట్టుంది. చెయ్యి చొక్కాకేసి తుడవబోయి మానుకున్నాడు.

“ఈ ఊళ్ళో ఎవరి చెయ్యి తెచ్చి పెట్టినా ఇట్లనే ఎర్రబడ్తది సార్. ఇది పసుపు గుణం. ఇప్పుడు ఆ పైపు మీద వేళ్ళు చూడండి. ఎర్రబడలే. అది పసుపు కాదు. రంగు. పసుపులో కలిపే ఉత్త రంగు పొడి. రోజూ దాన్ని చేతులతో కలిపేవాడొకడు ఇక్కడికొచ్చిండు. ఆర్మూర్‌లో పసుపురంగు చేతిని ఎవరు పట్టించుకుంటరని ధైర్యం. తన చేతికున్నది అసలు పసుపు కాదన్న సంగతి వాడే మర్చిపోయిండు.”

గంగాదాస్ ఎంతైనా ముప్పై ఏళ్ళు పోలీసు పని చేసిన మనిషి. పైపు దగ్గర గొంతుక్కూర్చుని, కళ్ళద్దాలు పైకి జరుపుకుని, చాలాసేపు చూశాడు. లేచేటప్పటికి ఆయన మొహంలో వెటకారం లేదు.

అప్పుడు రాజేశ్వర్ నోరు విప్పాడు.

“చిన్నసేటు ఆదివారం ఒక ముచ్చట చెప్పిండు మేడమ్. ఎవ్వలికి చెప్పనని ఒట్టేపిచ్చుకున్నడు. వాళ్ళింటి ముచ్చట గద, కారుతోని ఏం సంబంధమని నేను సుత చెప్పలే... వాళ్ళ పసుపు పట్టే గిర్ని వెనక రూంల రంగు డబ్బాలు చూసిండట. పదో పన్నెండో. ఆడనే నిలదీసి వచ్చిండట. పసిపిల్లలు తినే పసుపన్నా, విషం కలుపుతున్నరన్నా అని గీ బాయిలర్ మీద కూసోని మస్తు బాధపడ్డడు. పెద్దసేటు హైదరాబాద్ పోయిండు, మంగళారం వస్తడు, రాంగనే చెప్త అన్నడు.”

మంగళవారం. వెంకటరాజం ఊళ్ళోకి వచ్చే రోజు. పొద్దున ఆరుంబావుకే మధుకర్ కారు అంటుకుంది.

“గిర్ని ఎవరు నడుపుతరు?” అడిగింది వసుమతి.

జవాబు గంగాదాస్ చెప్పాడు. “నితీష్. వెంకటరాజం సేట్ బామ్మర్ది.”

“నితీషా? కారులకెళ్ళి మధుకర్‌ని గుంజింది ఆయనే అని మీ రిపోర్టుల రాసిన్రు గద?”

“గుంజిండు. చెయ్యి సుత కాలింది. కుడిచేతికి కట్టు కట్టిన్రు. ఊరంతా దేవుడంటున్నది ఆయన్ని.”

“మధుకర్ దగ్గరికి ముందు పోయిందెవరు?”

“లారీ డ్రైవరు. అద్దం పగలగొట్టింది గాయన. నితీష్ వెనకకెళ్ళి వచ్చి చెయ్యి వేసిండు...” చెప్తున్నది గంగాదాస్ చెవులకే కొత్తగా వినపడినట్టుంది.

“పొద్దుగాల ఆరుంబావుకు, ఊరికి ఏడు కిలోమీటర్ల అవతల, నితీష్‌కు హైవే మీద ఏం పని సార్?”

“మోర్తాడ్ పోతున్న అన్నడు. నేను అడగలే. కాపాడిన మనిషిని ఏమని అడుగుత?”

కాపాడటానికి పోలేదు. కాలిందో లేదో చూడటానికి వెంబడే పోయాడు. మధ్యలో లారీ వచ్చి అడ్డుపడింది. నలుగురి ముందూ చెయ్యి వేయక తప్పలేదు. వేసినందుకు కట్టు దక్కింది, ఆ కట్టు కింద రంగంటిన వేళ్ళు దాక్కున్నాయి. ఇంతలో వసుమతికి ఇంకో ఆలోచన మెరిసింది.

“సార్, మీరు ఇందాక ఎవరికి ఫోన్ చేసిన్రు?”

గంగాదాస్ ఎర్రబడ్డ చేతితోనే నుదురు పట్టుకున్నాడు. “వెంకటరాజం సేట్ ఎత్తలే. నితీష్‌కు చేసిన.”

“ఏం చెప్పిన్రు?”

“పైపు దొరికిందని... దాని మీద వేళ్ళున్నయని... మీరు ఈడనే ఉన్నరని.”

“ఆయన ఏమన్నడు?”

“మంచిది సార్ అన్నడు. గంతే. మంచిది అని పెట్టేసిండు.”

వసుమతి అప్పటికే సుష్మిత నెంబరు నొక్కుతోంది. మధుకర్ భార్య. మూడు రోజులుగా ఐసీయూ ముందు బెంచీ మీదే ఉన్న పిల్ల. రెండు రింగులకే ఎత్తింది. ఎంత సంతోషంగా ఉందో ఆ గొంతు!

“అక్కా! నేనే మీకు చేద్దామనుకుంటున్న. ఆయనకు తెలివొచ్చిందక్కా! పదకొండింటికి కండ్లు తెరిచిండు. నన్ను చూసి వేలు కదిలించిండు. గొట్టం తీసేసిన్రు. సాయంత్రానికి మాట్లాడ్తడన్నడు డాక్టరు.”

“నువ్వెక్కడున్నవమ్మా?”

“ఇంటికొచ్చిన. ఇప్పుడే పది నిమిషాలైంది. నితీషన్న బలవంతంగ పంపించిండు. మూడు రోజుల నుంచి నిద్రలేదు, తానం చేసి బువ్వ తిని రాపో, నేను చూసుకుంట అన్నడు. చెయ్యి కాలి ఉండి కూడ పాపం...”

“లోపల ఎవరున్నరు సుష్మితా?”

“ఒక్కరినే ఉండనిస్తరక్కా. అన్ననే ఉన్నడు. ఏమైందక్కా? ఏమైంది?”

ఏమని చెప్తుంది? “మీ బావగారు వెంకటరాజంని తీసుకుని వెంటనే దవాఖానకు పో. ఎవ్వరికీ ఫోన్ చెయ్యకు,” అని మాత్రం అంది. ఇక్కడి నుంచి దవాఖానకు ముప్పై కిలోమీటర్లకు తక్కువ లేదు. ఎంత తొక్కినా నలభై నిమిషాలు. సుష్మిత ఇల్లూ ఈ ఊళ్ళోనే. మధుకర్‌కు దగ్గరగా ఉన్నవాడు ఒక్కడే.

గంగాదాస్ తన ఫోన్‌లో నిజామాబాద్ పోలీసులతో అరుస్తున్నాడు. అడ్రసు, ఐసీయూ, మూడో అంతస్తు. వసుమతి ఐసీయూ నర్సుల బల్ల నెంబరుకు చేసింది. పొద్దున మధుకర్ పరిస్థితి అడగడానికి తీసుకున్న నెంబరు. మోగుతోంది. మోగుతూనే ఉంది. రాజేశ్వర్ లేచి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. ఇంతసేపూ తన బతుకు గురించి వణికిన మనిషి, ఇప్పుడు ఆ మాటే మర్చిపోయాడు. “చిన్నసేటుకు ఏం గాదు గద మేడమ్? ఏం గాదు గద?” అని చంటిపిల్లాడిలా అడుగుతున్నాడు.

“హలో, ఐసీయూ.” ఆడగొంతు.

“సిస్టర్, నాలుగో రూంల మధుకర్ దగ్గర ఒకాయన ఉన్నడు. చేతికి కట్టున్న మనిషి. ఆయన్ని ఈ క్షణమే బయటికి పంపు. సెక్యూరిటీని పిలువు. పోలీసులు వస్తున్నరు.”

“ఏంటి మేడమ్? ఎవరు మీరు?”

“అడగకు తల్లీ! పరుగెత్తు ముందు!”

“ఆగండి, చూస్తాను.” రిసీవర్ బల్ల మీద పెట్టిన చప్పుడు. చెప్పుల చప్పుడు దూరమైంది. దూరంగా మెషిన్ కొట్టుకుంటోంది. టిక్, టిక్, టిక్. అది మధుకర్ గుండె. వసుమతి ఒక్కొక్క చప్పుడూ లెక్కపెట్టింది. పది. పదిహేను. ఇరవై. గంగాదాస్ కూడా మాట్లాడటం ఆపి ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

ఎక్కడో తలుపు పడ్డ చప్పుడైంది. “సార్, తలుపు తీయండి సార్!” అని నర్సు కేక సన్నగా వినపడింది. ఎవరో ఆ తలుపును బాదుతున్నారు. ఆ తర్వాత ఇంకో చోట, బాగా దగ్గరగా, ఫోన్ ఎత్తిన చప్పుడు. బెడ్ పక్కన ఉండే ఫోన్. అదే లైను.

“వసుమతక్కనా?” మెత్తటి గొంతు. తొందర లేదు, కోపం లేదు. మెషిన్ చప్పుడు ఇప్పుడు దాని పక్కనే వినపడుతోంది. “మీరు ఫోన్ చేస్తరనుకున్న. గంగాదాస్ సారు చెప్పిండు లే. ఏం ఫికర్ చెయ్యకుండ్రి. నేనున్న గద ఈడ.”

“నితీష్! విను. పోలీసులు కింద ఉన్నరు. నువ్వు...”

ముందు మెషిన్ చప్పుడు ఆగింది. ఆ తర్వాతే ఫోన్ కట్టయింది.